జత తప్పిన డంబెల్

ఆటసామాన్ల దుకాణం, మధ్యాహ్నం మూడు గంటలు. కౌంటరుకి అటుపక్క దుకాణదారు, ఇటుపక్క బరువైన సంచీతో ఒకావిడ.

"అలా కాదు మేడమ్, ముందు డంబెల్స్ ఎవరికో చెప్పండి. మనిషిని బట్టి బరువు."

"ఎవరికైతే ఏం? ఇంట్లో కసరత్తుకి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి. చవకలో."

"ఆడవాళ్ళకా, మగవాళ్ళకా?"

"అదే నేనూ తెలుసుకుందామని వచ్చాను."

"ఏంటి మేడమ్?"

"ఏం లేదు. అన్ని రకాలూ చూపించండి."

"సరే. ఇవి ఇనుపవి. చవకే గానీ చేయి జారితే గచ్చు పగిలిపోతుంది, వానాకాలంలో తుప్పు పడతాయి. ఇవేమో రబ్బరు తొడుగువి. దొర్లవు, చప్పుడుండదు. రేటు కాస్త ఎక్కువ. ఇది రాడ్డు, ప్లేట్లు వేరే. ఒక్కసారి కొనుక్కుంటే బరువు పెంచుకుంటూ పోవచ్చు. కానీ నట్టు సరిగ్గా బిగించకపోతే ప్లేటొచ్చి కాలిమీద పడుతుంది. కొత్తవాళ్ళకి నేనైతే ఇవ్వను."

"ఆ రంగురంగులవి?"

"లోపల ఇనుమే, పైన మెత్తటి ప్లాస్టిక్ తొడుగు. ఇళ్ళల్లోకి ఎక్కువగా ఇవే పోతాయి. ఒక కేజీ, రెండు, మూడు, ఐదు."

"ఒకటి కంటే తక్కువ ఉండదా?"

"అర కేజీ ఉంటుంది. నేను తెప్పించను. జబ్బు చేసి లేచినవాళ్ళు తప్ప ఎవరూ అడగరు."

"అందరూ ఒకటితోనే మొదలుపెడతారా?"

"ఆడవాళ్ళు ఒకటో రెండో. మగవాళ్ళయితే మూడు, కాస్త ఒళ్ళున్నవాళ్ళు ఐదు. నెలా రెణ్ణెల్లు చేసి, తేలికయ్యాక పైదానికి వెళ్ళాలి. మొదటిరోజే పెద్దది పట్టుకుంటే మూడోరోజు మంచం కింద పడేస్తారు. చాలా ఇళ్ళల్లో వాటి చోటు అదే."

"మంచం కిందా? పనిముట్ల పెట్టెలో దాచేవాళ్ళు లేరా?"

"దాచడమెందుకు?"

"ఊరికే అడిగాను. ఒక్కటి ఇస్తారా?"

"ఒక్కటంటే... ఒక్క జతా?"

"ఒక్కటంటే ఒక్కటే."

"జతే అమ్ముతాం మేడమ్. ఒక్క చెప్పు అమ్ముతారా ఎవరైనా?"

"ఎప్పుడూ అమ్మలేదా?"

"లేదు."

"ఎవరికీ?"

"ఎవరికీ... లేదు మేడమ్."

"మరి ఇదేంటి?"

"ఇది... ఎక్కడిది మేడమ్?"

"కౌంటరు మీద పెట్టగానే అలా బిగుసుకుపోయారేం? పామేం కాదు. మీ డంబెలే."

"ఇలాంటివి బోలెడు షాపుల్లో ఉంటాయండీ."

"బోలెడు షాపుల్లో ఉంటాయి. అడుగున స్టిక్కరు మాత్రం మీ ఒక్క షాపుదే. దాచినవాడు పేరు గీకేశాడు, ఫోన్ నంబరు గీకడం మర్చిపోయాడు."

"మీరు... అద్దాలు బిగించే ఆయన..."

"భార్యని. పంతొమ్మిదేళ్ళ నుంచి. ఇవాళ ఐదింటి దాకా."

"ఐదింటి దాకా ఏంటి మేడమ్?"

"ఈ సంచీలో ఇదొక్కటే లేదు. నా బట్టలు నాలుగు జతలు కూడా ఉన్నాయి. ఐదింటికి మా అక్క వాళ్ళ ఊరికి బస్సు. మీరు చెప్పేదాన్ని బట్టి బస్సెక్కుతాను, లేదంటే ఇంటికి పోతాను."

"అమ్మో! అంత భారం నా నెత్తిన పెట్టకండి. నేను బరువులు అమ్ముకునేవాణ్ణి, మోసేవాణ్ణి కాదు."

"జోకులు తర్వాత. రెండోది ఎవరింట్లో ఉంది?"

"ఏ రెండోది?"

"జతే అమ్ముతానని ఇప్పుడే కదా అన్నారు! ఒకటి మా ఇంట్లో ఉంది. రెండోది ఎవరింట్లో ఉంది? ఇద్దరూ చెరొకటి పంచుకున్నారా?"

"ఇద్దరెవరు?"

"గులాబీ రంగు చూశాకే నాకు అనుమానం రూఢి అయింది. నలభై ఆరేళ్ళ మగాడు, చేతులు చూస్తే రాయిలా ఉంటాయి, వాడు గులాబీ రంగుది కొనుక్కుంటాడా తన కోసం?"

"రంగు ఆయన ఎంచుకున్నది కాదు మేడమ్. కంపెనీవాడు బరువుకొక రంగు వేస్తాడు. ఒకటికి గులాబీ, రెండుకి నీలం, మూడుకి ఆకుపచ్చ, ఐదుకి నలుపు. అటు చూడండి, అరలో అన్నీ అలాగే ఉన్నాయి."

"చూశాను. సరే, రంగు సంగతి వదిలేద్దాం. మిగతా సంగతో?"

"మిగతా ఏముంది?"

"ఏముందా? చెప్పనా? రెండు నెలలుగా చొక్కాలు మానేసి టీషర్టులు మొదలుపెట్టాడు. గుండీలు పెట్టుకోవడం విసుగట! మోటారు సైకిల్ మానేసి నడిచి పోతున్నాడు, ఆరోగ్యమట. వేలికున్న ఉంగరం తీసి అలమరలో పెట్టాడు. నేను తొడిగిన ఉంగరం! అడిగితే వదులైందంటాడు. పంతొమ్మిదేళ్ళు బిగుతుగా ఉన్నది ఈ రెండు నెలల్లోనే వదులైందా?"

"ఏ చేతి వేలిదండీ?"

"ఎడమ చేతిది. చేతిని బట్టి కారణం మారుతుందా?"

"లేదు లేదు. ఊరికే అడిగాను."

"ఊరికే అడిగినవాడు అలా కిందికి చూడడు. మీకు తెలుసు. మీకంతా తెలుసు."

"నాకేం తెలీదు మేడమ్."

"పొద్దున ఫోన్లో మాట్లాడింది మీతోనేనా?"

"ఎవరు?"

"అదిగో, నీళ్ళు నములుతున్నారు! పెరట్లో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. నేను బట్టలు ఆరేయడానికి వెళ్ళాను. దుప్పటికి ఇటు నేను, అటు వాడు. 'మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి' అన్నాడు. అంతవరకే విన్నాను. నన్ను చూడగానే ఫోన్ జేబులో పడేసి, ఈ రోజు ఎండ బాగా కాస్తోంది అన్నాడు. మబ్బు పట్టి ఉంది!"

"ఆ ఫోన్ నాకే మేడమ్. నా మీద ఒట్టు. కావాలంటే నా ఫోన్ చూడండి, ఎనిమిదీ పదికి."

"ఏమన్నాడు?"

"మామూలుగా... షాపు ఎన్నింటికి తీస్తారని."

"అది నాకు తెలియకూడదా? మీ షాపు తీసే టైము?"

"మేడమ్, మాటిచ్చాను. మీరే చెప్పండి, మాటిచ్చి తప్పనా?"

"నాకు కూడా ఒకాయన మాటిచ్చాడు పంతొమ్మిదేళ్ళ కిందట. ఆ డాన్సు టీచరు మీ షాపుకి వస్తుందా?"

"ఏ డాన్సు టీచరు?"

"వెనక వీధిలో, మూడో అంతస్తు. హాల్లో గోడంత అద్దం పెట్టించుకుంది. ఒక్క అద్దం బిగించడానికి మా ఆయన నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగుసార్లు! కొలత తప్పిందట. గాజు కోతలో దారమంత తేడా రానివ్వని మనిషికి కొలత తప్పిందా? నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా?"

"ఆవిడా! ఆవిడ వస్తుంది, యోగా చాపలు తీసుకెళ్తుంది. ఆవిడకి అరవై దాటాయి మేడమ్. మోకాళ్ళ నొప్పులు. కూర్చునే పిల్లలకి నేర్పిస్తుంది."

"అరవయ్యా?"

"అరవై రెండో మూడో. కొలత తప్పడం కాదు. ఆవిడే చెప్పింది నాతో. మెట్ల మలుపు దగ్గర మొదటి పలక పగిలింది. రెండోదీ అక్కడే. మూడోసారి ఆయన ఉత్తచేతులతో వచ్చి మెట్లన్నీ కొలుచుకుని వెళ్ళిపోయారట. నాలుగోసారి ఆవిడ అల్లుడు ఒక పక్క పట్టుకుంటేనే పైకెక్కింది."

"పగిలిందా? మా ఆయన చేతిలో?"

"అవునట."

"మా ఆయన చేతిలో గాజు పగలదు. తెలుసా మీకు? పెళ్ళయిన కొత్తలో నిలువుటద్దం భుజాన పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని నాలుగు వీధులు నడిచాడు. నేను భయపడి చస్తుంటే ఈల వేసుకుంటూ!"

"నాకు తెలీకపోవడమేంటి? మీ వెనకున్న అద్దం చూడండి, ఆ చివర నుంచి ఈ చివరకి. ఆయన బిగించిందే. ఆరేళ్ళయింది, ఒక్క మూల కదల్లేదు. అందుకే ఆయనొచ్చి ఒక్కటే కావాలంటే కాదనలేక జత విడదీశాను. రెండోది ఎవరింట్లోనూ లేదు. ఉండండి... ఇదిగో, ఇక్కడే సొరుగులో. పట్టుకు చూడండి. రెండూ పక్కపక్కన పెట్టండి."

"ఇది... ఇక్కడే ఉందా?"

"ఇక్కడే ఉంది. ఎవరూ పంచుకోలేదు."

"మరి ఒక్కటెందుకు కొన్నట్టు?"

"అది... ఆయన్నే అడగండి మేడమ్."

"తమ్ముడూ, ఇంతదాకా చెప్పి ఇక్కడ ఆగకు. నిన్ను తమ్ముడూ అన్నాను, చూడు."

"ఒక్క చేతికే అక్కా. గాజు పలకలు మోసీ మోసీ ఎడమ చెయ్యి కాస్త నొప్పిగా ఉందట. కసరత్తు చేస్తే బాగవుతుందని తీసుకెళ్ళారు. మీకు చెబితే కంగారు పడతారని దాచారు. అంతే."

"చెయ్యి నొప్పా?"

"ఆ."

"చెయ్యి నొప్పి! ఇంతేనా? దీనికా నేను వారం రోజులు నిద్ర మానుకున్నది? దీనికా బట్టలు సర్దుకున్నది? అయ్యో రామ, నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. ఉండు, కళ్ళు తుడుచుకోనీ."

"మంచినీళ్ళు ఇవ్వనా అక్కా?"

"ఇవ్వు. మొద్దు మనిషి! నాకు చెబితే రాత్రి నూనె రాసి మర్దనా చేసేదాన్ని కదా. నా చేతుల్లో కప్పు జారితే ఊళ్ళో అందరికీ చెబుతాడు, తన చేతుల్లో రెండు కప్పులు పగిలితే పిల్లి మీద పెట్టాడు. మా ఇంట్లో పిల్లే లేదు! నేనేమో ఎవత్తె ధ్యాసలోనో ఉండి పగలగొడుతున్నాడనుకున్నాను."

"మగవాళ్ళు అంతే అక్కా. మా నాన్న పన్ను ఊడితే నెలరోజులు నోరు తెరవలేదు."

"రోడ్డుమీద చెయ్యి పట్టుకుంటే విడిపించుకునేవాడు. నాకెంత రోషం వచ్చిందో తెలుసా? ఇప్పుడనిపిస్తోంది, పాపం, నొప్పేమో. నేనేమో ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని, ఎక్కడికి పోతావులే అని."

"మంచినీళ్ళు తాగండక్కా."

"తాగాను. ఇక చూడు, నాకు ఇంకోటి కావాలి."

"ఇంకోటేంటి?"

"ఆయనకే. దాచుకుని చేసేదేంటి, దొంగతనమా? నేనే కొని చేతిలో పెడతాను. నా ఎదురుగా చెయ్యమంటాను. నేను లెక్కపెడతాను, ఒకటీ రెండూ మూడూ అని. సిగ్గుతో చస్తాడు. కానీ ఇంత చిన్నదేంటి తమ్ముడూ? ఒక కేజీ! పెరుగు గిన్నె కూడా ఇంతకంటే బరువుంటుంది. పైది ఇవ్వు. రెండు కేజీలది."

"వద్దక్కా."

"ఎందుకు వద్దు?"

"ఇప్పుడే వద్దు. కొన్నాళ్ళు పోనివ్వండి."

"నువ్వే కదా అన్నావు, తేలికయ్యాక పైదానికి వెళ్ళాలని. ఇంట్లో దొరికిందే ఇవాళ, ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నాడో ఏమో."

"చవకలో లేవక్కా. రెండు కేజీలవి రేటు పెరిగింది."

"ఇందాక నువ్వు వీటి రేటు ఊసే ఎత్తలేదు. ఇప్పుడేంటి అమ్మనంటావు? సరుకు అమ్మనన్న దుకాణదారుని మొదటిసారి చూస్తున్నాను."

"అమ్మననలేదు..."

"మళ్ళీ కిందికి చూస్తున్నావు. సరే, కొత్తది అక్కర్లేదు. వాడినవి ఉంటాయి కదా మీ దగ్గర, అవి తియ్యి. అదిగో, ఆ సొరుగులోనే, నువ్వు ఇందాక గులాబీది తీసిన చోట నల్లదొకటి కనిపించింది."

"అవి అమ్మకానికి కాదక్కా."

"సొరుగులో దాచుకుని దండం పెట్టుకోవడానికా? తియ్యి."

"పాతవి. పట్టు దగ్గర పాడయ్యాయి. టేపు చుట్టి ఉంది."

"టేపా? ఏ టేపు?"

"అక్కా, అటు రాకండి, నేనే తీస్తాను..."

"ఇది నల్ల గుడ్డ టేపు. చివర చూడు. చివర చిన్న మడత ఉంది, లాగితే ఊడి వచ్చేలా. ఇది మా ఆయన చుట్టింది. గాజు కోసే కత్తికీ ఇలాగే చుడతాడు, సుత్తికీ ఇలాగే, చివరికి నా చపాతీల కర్రకి కూడా. ఆ మడత ఇంకెవరూ పెట్టరు. ఇది ఐదు కేజీలది కదా?"

"అవును."

"ఇంకా ఉన్నాయే! ఆకుపచ్చదానికీ టేపు. నీలందానికీ టేపు. ఇవన్నీ ఆయన వాడినవేనా?"

"ఒకటి తెచ్చిచ్చి ఇంకోటి తీసుకెళ్ళేవారు. ఎన్ని కొనగలరు పాపం, నేనే మారుస్తూ వచ్చాను."

"చూశావా, చూశావా! అయితే ఐదు కేజీల దాకా వచ్చేశాడన్నమాట! నేనేమో పెరుగు గిన్నె అని వెక్కిరిస్తున్నాను. రెండు నెలల్లో ఒకటి నుంచి ఐదుకి! మరి నాకు చెప్పడానికేం రోగం? ఈ గులాబీది మొదట్లోది, తిరిగివ్వడం మర్చిపోయి పెట్టెలో వదిలేశాడన్నమాట. అంతే కదా తమ్ముడూ?"

"గులాబీది మొన్న గురువారం తీసుకెళ్ళారక్కా."

"గురువారమా? మరి ఈ నీలంది?"

"దానికి పదిరోజుల ముందు."

"ఆకుపచ్చది?"

"పోయిన నెల."

"ఆగు. నన్ను కంగారు పెట్టకు. ముందు ఏది తీసుకెళ్ళాడు? అన్నింటికంటే ముందు?"

"నల్లది."

"ఐదు కేజీలదా?"

"అక్కడే, ఆ అద్దం ముందు నిలబడి ఎత్తి చూసుకున్నారు. పన్నెండుసార్లు. నవ్వుతూనే ఎత్తారు. కసరత్తు లేక చెయ్యి బద్ధకించింది, నెలలో దారిలోకి వస్తుందన్నారు. మూడుకి దిగినప్పుడు డాక్టరుకి చూపించుకోండన్నాను. రెండుకి దిగినప్పుడూ అన్నాను. డాక్టరు చెయ్యి పనికి రాదంటే గాజు ఎవరు మోస్తారు, ఇంట్లో ఆవిడకి ఏం చెప్పను అన్నారు."

"ఉంగరం వదులైందన్నాడు..."

"కూర్చోండక్కా. ఈ కుర్చీలో కూర్చోండి."

"నేను కూర్చోను. పొద్దున ఫోన్లో ఏం అడిగాడు? ఎనిమిదీ పదికి?"

"మాటిచ్చానక్కా."

"ఏం అడిగాడు తమ్ముడూ?"

"అర కేజీది తెప్పిస్తారా అని."